లారీ ఆపే ముందు శాల చూసుకో

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముప్పావుగంట మాట్లాడితే అందులో అరగంట ఏడుపే. "బంగారంలాంటి ఉద్యోగం ఒగ్గేస్తాదట, కుక్కలూ ఆవులూ అనుకుంటూ బరంపురంలో సంఘం పెడతాదట. ఈ పురుగు దాని బుర్రలోకి ఎక్కించింది నువ్వే, నువ్వే దింపు" అని నామీద పడింది. అప్ప మాటకి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు కదా, "నేను మాట్లాడతాలే, పడుకో" అన్నాను. తను పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు. రెండుసార్లు లేచి పెరట్లోకెళ్లి కుడితి తొట్టి చూసొచ్చాను. ఆ తొట్టి ఎండిపోయి పదేళ్లయింది, ఎందుకు చూశానో నాకే తెలీదు.

ఫోన్లో చెబితే నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. సంఘాన్ని రిజిస్టరు చేయించు. విరాళం ఒక్క రూపాయైనా నీ సొంత ఖాతాలో పడనివ్వకు. లెక్కలు నువ్వు రాయకు, నీకు పదమూడో ఎక్కం ఇప్పటికీ రాదు. పశువుల అంబులెన్సుకి 1962 నంబరు. మన దేశపు జంతు సంక్షేమ బోర్డు పెట్టిన ఏడు కూడా 1962యే, అలా గుర్తుపెట్టుకో. ఫిర్యాదు ఒడియాలో రాయించు. సంతలో మనం తెలుగే మాట్లాడుకుంటాం, థానాబాబు, అంటే పోలీసు స్టేషన్ అధికారి, కూడా వంకాయలు తెలుగులోనే బేరమాడతాడు గానీ, కాగితం ఒడియాలో లేకపోతే బల్ల మీదనించి కదలదు. నకలు మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రాకు. జిల్లాకొక ఎస్పీసీఏ, అంటే జంతుహింస నివారణ సంఘం, ఉండాలని 2001 నిబంధనల్లో ఉంది. మీ జిల్లాలో దాని సమావేశం ఆఖరుసారి ఎప్పుడయిందో సమాచార హక్కు కింద అడుగు.

జంతుహింస నివారణ చట్టం నువ్వు చదివే ఉంటావు. నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సొంతంగా బిల్లు పెట్టి పోరాడితే, నెహ్రూ గారు మాటిచ్చాక, 1960లో వచ్చిన చట్టం అది. ఆ తల్లికి దండం పెట్టాల్సిందే. కానీ 11వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకి జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే. అప్పట్లో యాభై అంటే గుమస్తాకి కూడా చేతులు వణికేవి. ఇవాళ బరంపురంలో ఇద్దరికి టిఫినుకి చాలదు. అందుకే పశువుని చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ కూడా రాయమని పట్టుబట్టు. దాని కింద ఐదేళ్ల దాకా జైలుంది. అడక్కపోతే రాయరు.

ఎద్దుబళ్ల సంగతి వేరు. ఎండ 37 డిగ్రీలు దాటితే పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదని 1965 నుంచీ నిబంధన ఉంది, రోజు మొత్తం మీద తొమ్మిది గంటలు మించకూడదు. బండివాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కాడి రాసుకుని మెడ పుండైన ఎద్దుని చూడగానే నీకు కోపం వస్తుంది, నాకూ వచ్చేది. కానీ ఆ ఎద్దు నాలుగు రోజులు పడుకుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నేను సంచిలో మందు డబ్బా, పాత గోనె ముక్కలు పెట్టుకు తిరిగేవాణ్ణి. ముందు పుండుకి మందు రాసి, కాడికి గోనె చుట్టి, ఆ తర్వాత తిట్టేవాణ్ణి. మందు రాసినవాడు తిడితే పడతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఇంటి హాల్లో, టీవీ పైన, మీ అమ్మ కట్టించిన నా ఫోటో ఉంది కదా. శాలువా కప్పుకుని, వెనక వేపచెట్టు, చెట్టుకి ఎద్దులు. చిన్నప్పుడు వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించేదానివి, "మా మావయ్య లారీ ఆపీసేడు" అని. ఆ ఫోటో తీసిన రాత్రి గురించి నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీ అత్తయ్యకి సగం తెలుసు.

1997, వైశాఖం. అప్పుడు నేను కొండమీది బ్లాకులో, పశువైద్య శాఖలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ని. రాత్రి ఎనిమిదింటికి లూనా మీద దిగి వస్తూ ఘాట్ కింద టీకొట్టు దగ్గర ఆగాను. పక్కన టార్పాలిన్ కప్పిన లారీ. లోపల్నించి చెక్క మీద గిట్టలు గీకుతున్న చప్పుడు. పట్టా ఎత్తి టార్చి వేశాను. ఆరు పశువుల కంటే ఎక్కించకూడదని 1978 నుంచీ నిబంధన ఉన్న బండిలో పదిహేడు ఎద్దులు. ముకుతాళ్లు పైకమ్మీకి ఎంత పొట్టిగా కట్టారంటే తల దించే వీల్లేదు. కళ్లలో కారం కొట్టారు, నీళ్లు కారుతున్నాయి. లేవడానికి తోకలు మెలిపెట్టి విరిచేశారు, రెండింటివి తెగిన తాడులా వేలాడుతున్నాయి. రెండు కిందపడి ఉన్నాయి, మిగతావి వాటిమీదే నిలబడ్డాయి.

లారీ ముందు లూనా అడ్డంగా పెట్టి నిలబడ్డాను. అక్కడిదాకా బాగానే చేశాను.

థానాకి తోలించాం. ఆవరణలో వేపచెట్టుకీ ప్రహరీకీ కట్టేశాం. అరగంటలో ఊరంతా వచ్చేసింది. డ్రైవరు తెలివైనవాడు, ఎస్సై కుర్చీ పక్కనే నక్కాడు. క్లీనరు గుంటడు దొరికిపోయాడు. పదిహేనేళ్లుంటాయి. వాణ్ణి నలుగురు కొట్టారు. నేను చూశాను, ఆపలేదు. ఎవరో శాలువా తెచ్చారు, పేపరతను ఫోటో తీశాడు. ఆ రోజుల్లో ముహూర్తాలు జోరుగా ఉన్నాయి, వెనకవీధిలో పెళ్లి. "పాపం, ఎన్నాళ్లయిందో తిని" అని ఆడవాళ్లు పెళ్లింటి అన్నం గంగాళాలతో మోసుకొచ్చారు. నేను గేటు దగ్గర టీ తాగుతున్నాను. ఆ గుంటడు పెదవి చిట్లి, గోడకి చేరగిలబడి, "బాబూ, అన్నం పెట్టొద్దని చెప్పండి, చచ్చిపోతాయి" అన్నాడు. "ముందు నీ సంగతి చూసుకోరా" అన్నాను. వాడు చెప్పింది నాకు తెలీనిది కాదు. శిక్షణలో మొదటి ఏడాది పాఠం అది. అయినా ఆ నోట్లోంచి వచ్చిన మాట నా చెవికెక్కలేదు. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

పొద్దున్న ఆరింటికి కానిస్టేబులు వచ్చి లేపాడు. వెళ్లేసరికి అయిదు పడిపోయి ఉన్నాయి. ఎడమ డొక్కలు ఉబ్బి, పళ్లు కొరుకుతూ, బూడిదరంగు పేడ నీళ్లలా, పులిసిన వాసన ఆవరణంతా. మూడు నాలుగు రోజులు ఖాళీగా ఉన్న పెద్దకడుపులో ఒక్కసారి అంత అన్నం పడితే అది గడ్డిలా అరగదు, పులిసి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. బజారులో ఉన్న వంటసోడా అంతా కొని, నీళ్లలో కలిపి, వెదురు గొట్టంతో పట్టాను. రెండు రోజులు పట్టాను. తొమ్మిది పోయాయి. మిగిలిన ఎనిమిదీ ఏవో తెలుసా? ప్రహరీ చివర కట్టినవి. గంగాళాలు అక్కడిదాకా రాలేదు.

కళేబరాలు మోయడానికి ఊళ్లో ఇంకో బండి దొరక్క అదే లారీ తీశారు. ఎత్తే కిటుకు తెలిసినవాడు ఆ క్లీనరొక్కడే. వాడూ నేనూ కలిసి ఎత్తాం. వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోర్టులో యాభై రూపాయలు జరిమానా పడితే, డ్రైవరు వంద నోటిచ్చి చిల్లర తీసుకున్నాడు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. మీ అమ్మ దానికి అద్దం కట్టించింది.

కాబట్టి ఆ ఫోటో చూసి నువ్వు ఈ పనిలోకి దిగుతున్నావంటే నాకు ఎలా ఉంటుందో ఆలోచించు. తీసేయమని అప్పకి చెప్పలేను. నువ్వూ చెప్పకు.

లారీ ఆపేముందు పశువుల శాల ఎక్కడ, నీళ్లు ఎక్కడ, ఎండుగడ్డి ఎన్ని మోపులు, రాత్రి కాపలా ఎవరు, ఇవి చూసుకో. దించగానే నీళ్లు కొంచెం కొంచెంగా, తర్వాత ఎండుగడ్డి. అన్నం, తవుడు, అరటిపళ్లు, దేవుడి ప్రసాదం, ఏదీ వద్దు. గేటు దగ్గర కర్ర పట్టుకుని ఒక మనిషిని కూచోబెట్టు, పుణ్యం కోసం వచ్చేవాళ్లని ఆపడానికి. పట్టుబడ్డ పశువుల పోషణ ఖర్చు నిందితుడి దగ్గరా లారీ యజమాని దగ్గరా రాబట్టవచ్చని 2017 నిబంధనలు చెబుతున్నాయి, మొదటి రోజే మేజిస్ట్రేటుని అడుగు. పశువుల్ని నీకు అప్పగించే జిమ్మా కాగితంలో ఎన్ని పశువులు, ఏ రంగు, ఏ కొమ్ము, ఏ గాయం, అన్నీ రాయించు. డ్రైవరు మీదా క్లీనరు మీదా ఎవరి చెయ్యీ పడనివ్వకు. ఆవు పేరు చెప్పి మనుషుల్ని కొట్టడానికి సరదాపడే మందలు ఇప్పుడు ఎక్కువయ్యాయి, నీ వెనక నడిచొస్తారు, జై కొడతారు. వాళ్లతో ఫోటో దిగావంటే నా ఇంటికి రాకు.

సవర గూడేలకి నీతులు చెప్పడానికి కూడా వెళ్లకు. చనిపోయినవాళ్ల కోసం వాళ్లు దున్నని బలిచ్చే తంతు ఉంది. మతం కోరిన పద్ధతిలో చంపడాన్ని చట్టమే 28వ సెక్షన్లో మినహాయించింది. నాకూ అది చూడబుద్ధి కాదు. కానీ బ్రాయిలర్ కోళ్లని హ్యాండిలుకి తలకిందులుగా వేలాడదీసుకుని మన వీధిలోంచే రోజూ బళ్లు పోతాయి, వాటిని ఆపినవాడు లేడు. ముందు మన వీధి. మనుషులు తమంతట తాము జీవాల్ని కాపాడుకోవడం చూడాలనిపిస్తే గంజాం జిల్లాలోనే భేట్‌నయి వైపు వెళ్లు. చేలల్లో కృష్ణజింకలు మేస్తున్నా రైతులు రాయి విసరరు.

ఇక నా భయం ఒకటుంది, నవ్వకు. పిచ్చి కుక్క రోగం. 1986లో ఒక ఆవు చొంగ కారుస్తూ, మింగలేక గింజుకుంటుంటే, గొంతులో మామిడి టెంక అడ్డం పడిందనుకుని మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికాను. టెంక లేదు. మూడోనాడు ఆవు పోయింది. అది రేబిస్ అని తెలిశాక బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్నాను, రోజుకొకటి. ఆ పద్నాలుగు రోజులూ మీ అత్తయ్య నాతో మంచినీళ్లు తాగించి చూసేది, మింగుతున్నానా లేదా అని. ఇప్పుడు చేతికే సూది, మూడు డోసులు ముందే వేస్తారు: మొదటి రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు గానీ ఇరవై ఎనిమిదో రోజు గానీ. అవి వేయించుకున్న కాగితం నాకు పంపాకే కుక్కని ముట్టుకో. నీ ఇద్దరు స్నేహితులకీ ఇదే మాట. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బూ నీళ్లతో కడిగి, ముందు వేయించుకున్నా సరే, మళ్లీ ఆసుపత్రికి పో. పసుపూ కారం పెట్టమన్న వాళ్ల మాట వినకు, అందులో మీ అమ్మ కూడా ఉంటుంది. కుక్కలకి ఆపరేషన్ చేయించి, సూది వేయించి, పట్టిన వీధిలోనే వదలాలని 2023 నిబంధన. వీధివాళ్లు వద్దని అరుస్తారు, వాళ్లలో పిల్లల తల్లులు ఉంటారు. వాళ్ల భయం అబద్ధం కాదు, కసురుకోకు.

చాలా తిట్టాను. నీకు ఏడేళ్లప్పుడు ఒక సంగతి గుర్తుందా? వేసవి సెలవుల్లో నా వెనక పశువుల సెంటరుకి వచ్చావు. రాళ్ల మధ్య పెట్టి విత్తులు కొట్టే మొరటు పద్ధతి మాన్పించి, నేను చర్మం తెగకుండా నరాన్ని నలిపే బుర్డిజో కత్తెరతో చేస్తానని గర్వంగా ఉండేవాణ్ణి. గిత్త ఒక్కసారి అరిచింది. నువ్వు "మావయ్యా, మత్తు ఇచ్చేవా?" అన్నావు. లేదన్నాను. "నాకు పన్ను పీకినప్పుడు ఇచ్చేరు" అన్నావు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, జీడిపండు ఇచ్చినా తీసుకోలేదు. ఆ తర్వాత చేతనైనప్పుడల్లా మత్తు సూది వేసే చేశాను. మందు సరఫరా ఉండేది కాదు, బజారులో కొనేవాణ్ణి. ఎందుకని అడిగిన డాక్టరు గారికి "మా మేనకోడలు ఒప్పుకోదండీ" అని చెప్పాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నెల రోజులు పడుతుంది, ఓపిక పట్టు.

పై ఆదివారం రా. నౌపడాలో దిగి గుణుపురం బండి ఎక్కు. పెరట్లో పాత శాల పెంకులు నిన్న పొద్దుటే మార్పించడం మొదలెట్టాను, అంటే అప్ప ఫోన్ రాకముందే, అనుకోకుండా. తొట్టికి అడుగున పగులుంది, మేస్త్రీ మంగళవారం వస్తానన్నాడు. ఆరు పశువులకి చోటుంది. ఏడోది తెచ్చావంటే నీ మంచం వరండాలో.

మీ మావయ్య