ఇన్నేళ్లు పడిన డై ఇప్పుడెందుకు పడలేదు?

ప్రశ్న: నా వయసు 52. పదేళ్లుగా నెలకోసారి నల్ల హెన్నా పొడి కలిపి తలకు వేసుకుంటున్నాను. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈసారి వేసుకున్న మర్నాడు చెవుల వెనక, మెడమీద దురద మొదలైంది. రెండోరోజుకి కనురెప్పలు వాచిపోయాయి. ప్యాకెట్ మీద ‘హెర్బల్’ అనే ఉంది. అమ్మోనియా లేని డైకి మారితే సరిపోతుందా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: సరిపోదండీ. మీరు రాసిన లక్షణాలు డైలలో వాడే పారాఫినైలీన్‌డయమీన్ (పీపీడీ) అనే రసాయనంవల్ల వచ్చే ఎలర్జీకి సరిగ్గా సరిపోతున్నాయి. అమ్మోనియా లేని డైలలోనూ ఇదిగానీ, దీని దగ్గరి రసాయనాలుగానీ ఉంటాయి. గోరింటాకు ఒక్కటే పెడితే తెల్లవెంట్రుక ఎర్రబడుతుంది తప్ప నల్లబడదు. అరగంటలో నల్లగా చేసే ‘హెన్నా’లో రసాయన రంగు కలిసిందనే అనుకోవాలి.

పదేళ్లు పడటానికీ కారణముంది. ఈ ఎలర్జీ పుట్టుకతో రాదు. వాడుతూ ఉండగా ఏదో ఒక దశలో రోగనిరోధక కణాలు ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఇక అది సాధారణంగా పోదు, మళ్లీ వేసుకుంటే మరింత తీవ్రంగా రావచ్చు. రంగు తలకే వేసినా రెప్పల చర్మం బాగా పల్చన కాబట్టి వాపు అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు గోరువెచ్చని నీళ్లతో, తేలికపాటి షాంపూతో తల బాగా కడగండి. రెప్పలమీద చల్లటి తడిగుడ్డ వేసుకుని చర్మ వైద్యులకు చూపించండి. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీము కళ్ల చుట్టూ రాయొద్దు. నాలుక, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

డై డబ్బాలోని కాగితంమీద ఓ పరీక్ష రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. చెవి వెనకో, ముంజేతి లోపలి వైపో సబ్బుతో కడిగి, కలిపిన రంగు కొద్దిగా రాసి ఆరనిచ్చి, 24 గంటల తర్వాత కడిగి చూడాలి. మరో రోజు ఆగి చూస్తే ఇంకా మంచిది, ఈ ఎలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది. మీ ఇంట్లో డై వేసుకునేవాళ్లు ప్రతిసారీ ఇలా చేయాలి. కనుబొమలకు అసలు వేయకూడదు, చూపే పోవచ్చు. మీరు మాత్రం ఇంట్లో ఈ పరీక్ష చేసుకోవద్దు. వాపు పూర్తిగా తగ్గాక వైద్యులే వీపుమీద ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న రసాయనాలను పట్టీలతో అంటించి చూసే పరీక్ష) చేస్తారు. పీపీడీ పడదని దంతవైద్యులకూ చెప్పండి. బెంజోకైన్ మత్తుమందు కూడా ఇలాంటివాళ్లలో కొందరికి పడదు.

నలుపే కావాలంటే కల్తీలేని గోరింటాకు పొడి పెట్టి, రెండు మూడు గంటలకు కడిగి, ఆపైన నీలి (ఇండిగో) మొక్క ఆకు పొడి గంటసేపు పెట్టుకోవచ్చు. అసలు రంగు తేలడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. ప్యాకెట్ మీది పదార్థాల జాబితాలో ఈ ఆకులు తప్ప ఇంకే పేరున్నా కొనకండి.

ప్రశ్న: స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ వచ్చింది. కాస్త పైకి జరిపి పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. కొన్ని బొట్టు జిగుర్లలో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మానికి రంగునిచ్చే కణాలను చంపేస్తుంది. జరిపితే మచ్చ అక్కడా వస్తుంది. స్టిక్కర్లు ఈరోజే మానేసి, మచ్చ చిన్నగా ఉండగానే చర్మ వైద్యులకు చూపించండి.