రెండు పార్కులు చాలు అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. నాలుగు రోజులు, అమెరికాలోని ఆరు నేషనల్ పార్కులు, రోజుకో రంగు. జాషువా ట్రీ, డెత్ వ్యాలీ, జయన్, బ్రైస్, ఆర్చెస్, గ్రాండ్ కాన్యన్. షీటు మాత్రం ముచ్చటగా ఉంది. అందులో మీ అమ్మానాన్నా ఎక్కడ దిగుతారో, ఎక్కడ తింటారో, ఎక్కడ బాత్రూంకి వెళ్తారో ఒక్క గడి కూడా లేదు. ఈ లెక్కన అక్క అమెరికా వచ్చి చూసేది నీ డ్రైవర్ సీటు వీపే.

షీటులో చివరి నాలుగూ కొట్టెయ్యి. కోపం తెచ్చుకోకు. బ్రైస్ 8000 అడుగుల పైన ఉంటుంది, జనవరిలో అక్కడ మంచు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7000 అడుగులు, అక్కడా మంచే. ఉత్తరపు అంచుకైతే చలికాలంలో రోడ్డే మూసేస్తారు. ఎడారి కదా అని ఒక్క శాలువాతో బయలుదేరితే మోకాళ్ల నొప్పులతో అక్క ఏం చూస్తుంది? వాటిని ఏ అక్టోబరుకో పెట్టుకుందాం, నేనూ వస్తాను. ఈసారికి జాషువా ట్రీ, డెత్ వ్యాలీ, దారిలో పడే మోహావే ఎడారి. నాలుగు రోజులకి అవే ఎక్కువ.

తేదీలు కూడా మార్చు. క్రిస్మస్ వారం జాతరలా ఉంటుంది, గదులు దొరకవు, సాయంత్రం నాలుగున్నర దాటితే సూర్యుడు ఉండడు. జనవరిలో అమావాస్య చూసుకుని వెళ్లు. అమావాస్యకి ప్రయాణమా అని అక్క గొడవ చేస్తుంది. బయలుదేరేది ముందు రోజుల్లోనే అని చెప్పు, అమావాస్య రాత్రికి డెత్ వ్యాలీలో ఉండేలా చూసుకో. అమెరికాలో అంత చీకటి ఆకాశం ఉన్న చోట్లు తక్కువ. బావగారు ఏళ్ల తరబడి పంచాంగంలో చదువుతున్న కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర వరసగా నెత్తి మీద కనబడతాయి. గుంటూరు లైట్లలో ఆయన వాటిని చూసి ఎన్నాళ్లయిందో. మెడ నొప్పి రాకుండా మడత కుర్చీలు డిక్కీలో పెట్టుకో.

ఇక అసలు సంగతి. ఫోన్లో నువ్వు ‘మనది పల్నాడు మామయ్యా, మనకి ఎండ కొత్తా’ అన్నావు. అచ్చం అదే మాట ఇంకొకాయన కూడా అన్నారు, మీ తాతయ్య. ఇది అక్కకి ఇప్పటికీ తెలియదు.

నేను అమెరికా వచ్చిన కొత్తలో బుద్ధిలేక ఆయన్ని జూన్‌లో డెత్ వ్యాలీ తీసుకెళ్లాను. అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో 1913 జులై 10న 134 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 56.7, నమోదైందని చెబితే, ‘రెంటచింతలలో పుట్టినవాడికి నువ్వు ఎండ గురించి చెబుతావుట్రా’ అన్నారు. బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు మైదానం దగ్గర దిగి ఆ ఉప్పు మీద నడుచుకుంటూ వెళ్లారు. అరగంటకి తిరిగొచ్చారు. ఒంటి మీద చెమట చుక్క లేదు. అలవాటైన ప్రాణం కదా అని నేనూ సంబరపడ్డాను. కారెక్కాక చూద్దును కదా, నీలం చొక్కా వీపు మీద, చంకల కింద తెల్లటి గీతలు, చెరువు ఇంకిపోతుంటే గట్టు మీద మిగిలే నీటి గుర్తుల్లా. గోటితో గీకితే పొడి రాలింది. ఉప్పు! చెమట పట్టకపోవడం కాదు, పట్టింది పట్టినట్టే గాలి తాగేసింది. మనూళ్లో చెమట కారుతుంది, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, నీడకి పొమ్మని ఒళ్లే చెబుతుంది. అక్కడ ఆ కబురు అందదు. పొద్దుటి నుంచీ నోరు మూయకుండా మాట్లాడిన మనిషి, ‘నాన్నా’ అంటే ‘ఊ’ అన్నారు, అంతే. ఏసీ పెట్టి, తడి తువ్వాలు కప్పి, ఉప్పేసిన మజ్జిగ గుక్కగుక్కగా తాగిస్తే రెండు గంటలకి మళ్లీ నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

జనవరిలో అంత ఎండ ఉండదు, పగలు హాయిగా ఉంటుంది, రాత్రి స్వెట్టర్ కావాలి. కానీ ఆ పొడిగాలి అదే గాలి. దాహం వేసినా వెయ్యకపోయినా మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్లు, అంటే నాలుగు లీటర్లకి కొంచెం తక్కువ. నలుగురికి నాలుగు రోజులకి 16 గాలన్లు, పైన ఇంకో నాలుగు. ఉత్త నీళ్లే తాగితే కాదు, ఉప్పు కూడా పడాలి. బావగారి బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేవి ఉన్నాయేమో ముందే డాక్టర్ని అడుగు. బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని అక్క నీళ్లు తాగడం మానేస్తుంది, నాకు తెలుసు. పార్కుల్లో చాలాచోట్ల గుంట టాయిలెట్లే, కుళాయి ఉండదు. దానికి వేరే బాటిల్, టిష్యూలు ఒక సంచిలో పెట్టి ముందే చూపించు. అప్పుడు తాగుతుంది.

చెప్పులు వద్దు, అందరికీ బూట్లు. 2024 జులైలో డెత్ వ్యాలీలోని మెస్కీట్ ఇసుక తిన్నెల మీద బెల్జియం నుంచి వచ్చిన ఒకాయన చెప్పులు పోగొట్టుకున్నాడు. ఆ కాసేపటికే పాదాలు తీవ్రంగా కాలిపోయాయి. హెలికాప్టర్ పిలిస్తే ఆ వేడిగాలికి అది దిగలేకపోయింది. అదీ వేసవి సంగతి. కానీ సహాయం వెంటనే రాదన్న మాట చలికాలంలోనూ నిజమే.

నీ టెస్లా మా ఇంట్లో వదిలేసి మా పాత పెట్రోలు కారు తీసుకెళ్లు. హైవేల మీద ఛార్జర్లకి లోటు లేదు, పార్కుల లోపలే తక్కువ. రాత్రి జాషువా ట్రీ పక్క ఊరు ట్వెంటీనైన్ పామ్స్‌లో ఆగి, ట్యాంకు నిండా కొట్టించుకుని పొద్దున్నే బయలుదేరు. జాషువా ట్రీ లోపల పెట్రోలు లేదు, తిండి లేదు, నీళ్లు కూడా అంచుల్లో కొన్నిచోట్లే. మోహావేలో కూడా బంకు లేదు. ట్వెంటీనైన్ పామ్స్ నుంచి కెల్సో, బేకర్, షోషోనీ మీదుగా ఫర్నెస్ క్రీక్ 200 మైళ్ల పైనే. ముల్లు సగానికి వస్తే ఎక్కడ బంకు కనబడితే అక్కడ ఆపు, రేటు చూడకు. డెత్ వ్యాలీ లోపల రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది, అందుకే బేకర్‌లో మళ్లీ నింపు. అక్కడ 134 అడుగుల థర్మామీటర్ ఉంది, ఆ 134 డిగ్రీల గుర్తుగా కట్టింది. బావగారికి ఫొటో తియ్యి.

ఫోన్‌ని నమ్ముకోకు. సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే దించి పెట్టుకో, కాగితం మ్యాపు కూడా ఉంచు. అసలు భయం సిగ్నల్ లేకపోవడం కాదు, జీపీఎస్ చూపించే అడ్డదారి. 1996 జులైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, అందులో ఇద్దరు పిల్లలు, అద్దె వ్యానులో డెత్ వ్యాలీ మట్టిదారి పట్టారు. అక్టోబరులో వ్యాను దొరికింది, మూడు టైర్లు పోయి. మనుషుల ఎముకలు 2009 దాకా దొరకలేదు, అదీ వ్యానుకి మైళ్ల దూరంలో. కాబట్టి తారు రోడ్డు దిగొద్దు. కారు ఆగిపోతే కారు వదలొద్దు. పైనుంచి వెతికేవాళ్లకి మనిషి కన్నా కారు కనబడటం తేలిక. వాటంతటవే జరిగినట్టు కనిపించే రాళ్ల మైదానం వీడియో పంపావు కదా, రేస్‌ట్రాక్ అని, దానికి ఎత్తయిన బండి, గట్టి టైర్లు కావాలి. మా కారుకి అంత సీను లేదు. వదిలెయ్యి.

డెత్ వ్యాలీలో టౌన్ పాస్ కనుమ వైపు వెళ్తే ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి ముల్లు చూసుకో, దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే పెట్టి ఉంచకు, లో గేర్‌లో వదులు. కాలిన వాసన వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు.

డెత్ వ్యాలీలో చూసేవాటిలో తెల్లవారుజామున జబ్రిస్కీ పాయింట్ తప్పించొద్దు, కారు నుంచి నాలుగడుగులే, అక్క కూడా ఎక్కగలదు. బ్యాడ్‌వాటర్ సముద్ర మట్టానికి 282 అడుగుల కింద. కొండరాయి మీద ‘సముద్ర మట్టం’ అని బోర్డు ఎక్కడో పైన ఉంటుంది, తలెత్తి చూపించు. తర్వాత అదే రోజు డాంటేస్ వ్యూకి తీసుకెళ్లు. 5475 అడుగుల పైనుంచి చూస్తే పొద్దున నడిచిన ఉప్పే కింద తెల్లగా, చినగంజాం ఉప్పు కొటార్లు ఆకాశం నుంచి చూసినట్టు. అక్క ఆ ఉప్పు నాలుక మీద వేసుకుంటానంటుంది చూడు. జాషువా ట్రీలో చోల్లా అనే ముళ్ల జెముడు తోట దగ్గర మాత్రం ఎవర్నీ దారి దిగనివ్వకు. దూది బొమ్మలా ముద్దొస్తుంది కానీ రాసుకుంటే చాలు, ముల్లు ముద్దగా ఊడొచ్చి పట్టుకుంటుంది. జేబులో ఒక దువ్వెన ఉంచుకో, అది మధ్యలో దూర్చి ఒక్క విసురు విసరాలి. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది.

డెత్ వ్యాలీ, అంటే మృత్యులోయ అన్న పేరు చూసి అక్క భయపడితే, 1849 చలికాలంలో బంగారం కోసం పోతూ దారి తప్పినవాళ్లు పెట్టిన పేరని చెప్పు. టింబిషా షోషోనీ జాతి వాళ్లు తరతరాలుగా అక్కడే ఉన్నారు, ఇప్పటికీ ఫర్నెస్ క్రీక్ దగ్గర వాళ్ల ఊరుంది.

గదులు ఇవాళే చూడు. డెత్ వ్యాలీ పార్కు లోపల దొరక్కపోతే బయటి ఊళ్లు, బీటీలోనో పారంప్‌లోనో తీసుకో. పార్కు టికెట్టు కారుకి ఇంత అని, ఏడు రోజులు పనిచేస్తుంది, ఒకసారి కొన్నాక పోగొట్టుకోకు. తిండికి రెండు రోజులకి పులిహోర, చపాతీలు అత్తయ్య చేసిస్తానంది. పెరుగన్నం మొదటి పూటకే. రైస్ కుక్కర్ అడక్కుండానే అక్క పెట్టెలో ఉంటుంది.

నీళ్ల క్యాన్లు డిక్కీలో నేను సర్దిపెడతాను, స్పేర్ టైరులో గాలి నేనే చూస్తాను. కొత్త షీటు ఆదివారంలోగా పంపు. ఏ రోజు రాత్రి ఎక్కడుంటారో, మర్నాడు ఎన్నింటికి నాకు ఫోన్ చేస్తావో అందులో రాయి. ఆ టైముకి రెండు గంటలు దాటినా ఫోన్ రాకపోతే నేను పార్కు వాళ్లకి ఫోన్ చేస్తాను, తర్వాత సిగ్గుపడి లాభం లేదు.

తాతయ్య చొక్కా సంగతి మన మధ్యే ఉండాలి.

మామయ్య