వేడెక్కాక ఆగే పద్మిని కారు: ముందు కండెన్సర్ చూడండి

మీరు రాసినట్టు మీ పద్మిని కారు పొద్దున బాగానే స్టార్టై, విజయనగరం నుంచి గజపతినగరం దాటేలోపు ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ కదులుతోందంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే కండెన్సర్ (పాయింట్లు మాడకుండా కాపాడే చిన్న డబ్బా) మీదే నాకు అనుమానం. పెట్రోలు పంపు, కాయిల్ మార్చేశారు, కార్బురేటర్ కడిగించారు సరే, వేలెడంత ఆ డబ్బాను ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

అందరూ వదిలేసే పని ఒకటుంది: బండి ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే పరీక్ష చేయాలి. షెడ్డుకు తోసుకెళ్లేసరికి చల్లారిపోతుంది, మెకానిక్‌కు ఏ లోపమూ కనబడదు.

1. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కు వచ్చే మధ్య వైరు ఊడదీయండి. పొడి చెక్క క్లిప్పుతో పట్టుకుని, కొసను ఇంజిన్ ఇనుముకు అర సెంటీమీటరు దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు పైపులు అప్పుడే విప్పకండి.
2. నిప్పురవ్వ పసుపుగా, నీరసంగా ఉంటే ముందు అనుమానం కండెన్సర్ మీదే. డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు నల్లగా మాడి ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. రెండూ కలిపే మార్చండి.
3. నీలంగా టపటపా కొడితే తప్పు పెట్రోలు వైపు. పంపు మీద తడిగుడ్డ వేయండి. వెంటనే స్టార్టైతే అది వేపర్ లాక్, అంటే వేడికి పెట్రోలు ఆవిరై దారికి అడ్డుపడటం.

కార్బురేటర్ మళ్లీ కడిగించకండి. చిన్నప్పుడు వీడియో గేమ్ క్యాసెట్ ఆడకపోతే ఉఫ్ఫని ఊదేవాళ్లం చూడండి, అలాంటిదే అదీ, బాగైనట్టు అనిపిస్తుందంతే.

కొత్త కండెన్సర్ కొంటే రెండు కొని ఒకటి డాష్‌బోర్డులో పడేయండి. ఇప్పుడొచ్చేవి కొన్ని పెట్టెలోంచే చచ్చి వస్తున్నాయి.