వేసవి రీసెర్చ్ స్టయిపెండ్: ఆ డబ్బు ఏ పద్దులోది?

ప్రశ్న: మాది తిరుపతి. మా పాప అమెరికాలో బీఎస్ బయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది, ఎఫ్-1 వీసా. వేసవిలో ప్రొఫెసర్ల దగ్గర రీసెర్చ్ చేస్తే స్టయిపెండు, ఉండడానికి గది రెండూ ఇస్తారని విని ఒక ప్రోగ్రాముకు అప్లై చేసింది. అర్హత లేదని జవాబొచ్చింది. మార్కులు బాగానే ఉన్నాయి. ఎందుకిలా? వేరే దారి ఉందా?

జవాబు: మీ పాప మార్కులకూ దీనికీ సంబంధం లేదండీ. ఆమె అప్లై చేసింది బహుశా ఆర్‌ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియెన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్) ప్రోగ్రాముకు అయ్యుంటుంది. డిగ్రీ పిల్లలకు రీసెర్చ్ నేర్పడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987 నుంచి ఇస్తున్న గ్రాంటు అది. డబ్బు విద్యార్థి చేతికి నేరుగా రాదు. యూనివర్సిటీ ప్రపోజల్ రాసి గ్రాంటు తెచ్చుకుంటుంది, దాంతో ఎనిమిది నుంచి పది వారాల పాటు కొద్దిమంది పిల్లల్ని పెట్టుకుంటుంది. ఆ గ్రాంటు షరతు ఒక్కటే: స్టయిపెండు తీసుకునేవాళ్లు అమెరికా పౌరులో, నేషనల్సో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో అయ్యుండాలి.

ప్రొఫెసర్‌కు పాప నచ్చినా ఆ షరతును ఆయన సడలించలేరు. ఆ గ్రాంటులో పిల్లల కోసం రాసిన మొత్తాన్ని ‘పార్టిసిపెంట్ సపోర్ట్’ అనే విడి పద్దులో ఉంచుతారు. ఫౌండేషన్ అనుమతి లేకుండా అందులోంచి ఇంకో ఖర్చుకు మళ్లించకూడదు. మన కొండ మీద అన్నప్రసాదం ట్రస్టుకని ఇచ్చిన డబ్బును అన్నదానానికే వాడతారు కదా, అలాంటిదే. ప్రొఫెసర్ మామూలు గ్రాంటుకు అదనంగా తెచ్చుకునే ఆర్‌ఈయూ సప్లిమెంటుకూ ఇదే షరతు. చాలామంది అక్కడే పొరపడతారు.

ఎఫ్-1 పిల్లలకే కాదు, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన ఇళ్లల్లోని హెచ్-4 (వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకూ ఇందులో చోటు లేదు. స్కూలంతా అమెరికాలోనే చదివినా అంతే. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) వేసి ఎదురుచూస్తున్నవాళ్లు, చేతిలో పని పర్మిట్ ఉన్నా, కార్డు వచ్చేదాకా ఆగాల్సిందే. పర్మిట్ లేని హెచ్-4 పిల్లలు జీతం కూడా తీసుకోకూడదు. అమెరికా ఇంధన శాఖ ల్యాబుల్లో నడిచే సూలీ ఇంటర్న్‌షిప్ కూడా పౌరులకు, గ్రీన్‌కార్డువాళ్లకే. కాబట్టి ఏ ప్రోగ్రామైనా ముందు అర్హతల పేజీ చదివి, తర్వాతే అప్లికేషన్ వ్యాసం రాయడానికి కూర్చోమనండి.

ఇక తెరిచి ఉన్న దారులు. అన్నిటికన్నా దగ్గరిది సొంత యూనివర్సిటీ. ప్రొఫెసర్ మామూలు రీసెర్చ్ గ్రాంటులో జీతాల పద్దు ఒకటి ఉంటుంది. అందులోంచి గంటకింత అని ఎఫ్-1 విద్యార్థికి ఇవ్వొచ్చు, అది ఫెడరల్ గ్రాంటే అయినా సాధారణంగా అడ్డులేదు. రెండోది, చాలా యూనివర్సిటీల్లో అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఆఫీసని ఒకటి ఉంటుంది. పూర్వవిద్యార్థుల విరాళాలతో అది ఇచ్చే చిన్న గ్రాంట్లకు పౌరసత్వం అడగని సందర్భాలే ఎక్కువ. దానికి రెండు పేజీల ప్రపోజల్, బడ్జెట్, ప్రొఫెసర్ సంతకం కావాలి. బడ్జెట్‌లో ‘కెమికల్స్’ అని గుండుగుత్తగా ఒక అంకె వేస్తే పక్కన పెట్టేస్తారు. ఏ కిట్, ఎన్ని, ఒక్కోటి ఎంత అని రాయాలి.

ప్రొఫెసర్‌కు రాసే మెయిల్ గురించి ఇంకాస్త చెప్పాలి, పని చెడేది ఎక్కువగా ఇక్కడే. ‘రెస్పెక్టెడ్ సర్’ అంటూ ఒకే మెయిల్ నలభై మందికి కొడితే ఒక్కరూ చూడరు. ఆ ల్యాబు నుంచి ఈమధ్య వచ్చిన పేపర్లు రెండు చదివి, అందులో తనకు అర్థంకానిదో ఆసక్తి కలిగించిందో ఒక్కటి ప్రస్తావించి, 150 పదాల్లో ముగించాలి. ఒక పేజీ సీవీ, మార్కుల జాబితా జత చేస్తే చాలు. వారం, పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయొచ్చు. వచ్చే వేసవి కోసం నవంబర్‌లో మొదలుపెట్టాలి. వేసవి ప్రోగ్రాముల గడువులు చాలావరకు జనవరి, మార్చి మధ్యలో ముగిసిపోతాయి. ప్రొఫెసర్ సరేనన్నాక మొహమాటపడకుండా అడగాల్సిన మాట ఒకటుంది: ‘ఈ స్టయిపెండు ఏ ఫండు నుంచి వస్తుంది, నేను ఎఫ్-1, ఇబ్బంది లేదు కదా?’ మే నెలలో తెలిసే బదులు ముందే తెలియడం మేలు.

సిఫారసు లేఖ మన కాలేజీల్లో పిల్లలే టైపు చేసి సార్ దగ్గర సంతకం పెట్టించుకోవడం మామూలు. అమెరికాలో అలా కుదరదు. లింకు నేరుగా లెక్చరర్ మెయిల్‌కే వెళ్తుంది, ఆయనే అప్‌లోడ్ చేయాలి. తిరుపతిలోనో చిత్తూరులోనో చదువు చెప్పిన సార్‌ని అడిగేటట్టయితే కాలేజీ మెయిల్ ఐడీ ఇవ్వమనండి, మూడు వారాల ముందే చెప్పండి.

వీసా లెక్క. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించకూడదు. సెలవుల్లో, తర్వాతి సెమిస్టర్‌కు కొనసాగేవాళ్లయితే, పూర్తి సమయం చేయొచ్చు. వేరే యూనివర్సిటీలో జీతానికి చేయాలంటే సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేయడానికి ఇచ్చే అనుమతి) తీసుకోవాలి. ఒక అకడమిక్ సంవత్సరం పూర్తయ్యాకే అది ఇస్తారు, పని కోర్సులో భాగమై ఉండాలి, కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి వీసా పత్రం) చేతికొచ్చాకే పనిలో చేరాలి. ఇందులో ఒక మెలిక ఉంది: సీపీటీ కోసం వేసవిలో క్రెడిట్ కోర్సు తీసుకోమంటే దానికి ఫీజు కట్టాలి. స్టయిపెండులోంచి ఆ ఫీజు, గది అద్దె తీసేసి ఏం మిగులుతుందో చూసుకోండి. ఒక్కోసారి ఏమీ మిగలదు. ‘పోనీ ఉచితంగా చేస్తాను’ అనడమూ అంత సులువు కాదు. మామూలుగా జీతమిచ్చే పనిని ఎఫ్-1 మీద ఊరికే చేయకూడదు, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగాలి.

మొదటిసారి జీతం అయితే సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి. ఉద్యోగం ఇచ్చినట్టు డిపార్ట్‌మెంట్ లేఖ, ఇంటర్నేషనల్ ఆఫీసు లేఖ రెండూ పట్టుకుని వెళ్లాలి. కార్డు రావడానికి వారాలు పట్టొచ్చు.

పన్ను సంగతి. గంటల జీతానికి డబ్ల్యూ-2 అనే ఫారం వస్తుంది, పనికి ప్రతిఫలం కాని స్టయిపెండుకు 1042-ఎస్ అనే ఫారం. ఈ రెండోదాంట్లో ఎఫ్-1 వాళ్లకు 14 శాతం పన్ను పట్టుకునే ఇస్తారు, ఆఫర్ లేఖలోని అంకె మొత్తం చేతికొస్తుందనుకోవద్దు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని మొత్తం) ఉంటుంది. పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లుగా ఉన్న చాలామంది విదేశీ పిల్లలకు లేని వెసులుబాటు ఇది. రిటర్ను 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ల ఫారం) మీద వేసి ఆ డిడక్షన్ అడిగితే పట్టుకున్నది పూర్తిగానో కొంతో తిరిగొస్తుంది. అమెరికావాళ్లు వాడే మామూలు సాఫ్ట్‌వేర్‌తో వాళ్ల 1040 ఫారం వేయడం పిల్లలు తరచూ చేసే తప్పు. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత కూడా ఉండకూడదు. పేస్లిప్పులో 7.65 శాతం పోయినట్టు కనిపిస్తే వెంటనే పేరోల్‌కు చెప్పాలి. ఆదాయమే లేకపోయినా 8843 ఫారం మాత్రం పంపాలి.

ఇవేవీ కుదరకపోతే వేసవికి ఇంటికి రావడం చిన్నతనమేమీ కాదు. బయాలజీ పాపకు ఏర్పేడు దగ్గరి సైన్స్ విద్యాసంస్థ ఐసర్ తిరుపతి ఉంది. ఫిజిక్స్, వాతావరణం మీద ఆసక్తి ఉన్నవాళ్లకైతే వాతావరణ పొరల్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉన్న గాదంకి ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధనశాల). స్టయిపెండు ఉన్నా లేకున్నా గది అద్దె లేదు, సీపీటీ అక్కర్లేదు, వచ్చే ఏడు అప్లికేషన్‌కు ఒక మంచి సిఫారసు లేఖ చేతికొస్తుంది. అక్కడి సైంటిస్టుకు రాసే మెయిల్ కూడా పైన చెప్పినట్టే ఉండాలి. బయల్దేరేముందు ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఏడాది దాటలేదు కదా, పాస్‌పోర్టులో వీసా స్టాంపు తిరిగొచ్చేదాకా చెల్లుతుందా అని చూసుకోమనండి. స్టాంపు గడువు అయిపోతుంటే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరికాకే టికెట్ కొనండి.