పాత అంబులెన్సులో అంతిమయాత్ర

ప్రశ్న: ఒహాయోలోని మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అత్యవసర వైద్య సేవలో పనిచేసిన ఒకరి శవపేటికను పాతకాలపు క్యాడిలాక్ అంబులెన్సులో తీసుకువెళ్లడం చూశాను. ప్రాణం నిలిపే బండిలో శవాన్ని తరలించడం తప్పు కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అక్కడి చరిత్ర తెలిస్తే తప్పనిపించదు. మనిషిని పడుకోబెట్టి తీసుకువెళ్లగల పొడవైన బండి అంత్యక్రియల సంస్థల వద్దే ఉండేది కనుక, 1970ల వరకు అమెరికాలోని అనేక ఊళ్లలో అంబులెన్సులను కూడా ఆ సంస్థలే నడిపేవి. రెండు పనులకూ మార్చుకోదగిన బండ్లు ప్రత్యేకంగా తయారయ్యేవి. మీరు చూసిన ఒహాయోలోనే, పిక్వాలో మిల్లర్-మీటియర్, లైమాలో సుపీరియర్ సంస్థలు క్యాడిలాక్ కారు చాసిస్ (అడుగు చట్రం)పై వాటిని నిర్మించేవి. రోగిని తెచ్చినవారే శవాన్నీ మోసేవారన్నది మనకు వింతగానే తోస్తుంది. అంబులెన్సు సేవల లోపాలను ఎండగట్టిన 1966 నాటి జాతీయ విజ్ఞాన అకాడమీ నివేదిక తరువాత, శిక్షణ పొందిన సిబ్బంది, విశాలమైన వాహనాలు క్రమంగా వచ్చాయి.

అందువల్ల పాత బండి అత్యవసర వైద్య సిబ్బంది వృత్తికి పుట్టిల్లు వంటిది. అయితే కుటుంబం కోరితేనే దానిని వాడాలి. నెమ్మదిగా సాగే ఊరేగింపులో పాత ఇంజను వేడెక్కవచ్చు కనుక, వెనుక మరో వాహనాన్ని సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.