రోజూ నీళ్లు మార్చినా గప్పీలు ఎందుకు చనిపోతున్నాయి?

భీమవరంలో 20 లీటర్ల తొట్టి, పది గప్పీలు (చిన్న రంగు చేపలు). రోజూ నీళ్లన్నీ మార్చి, ఫిల్టర్ కడుగుతున్నా చనిపోతున్నాయని అడిగారు. అసలు చిక్కు ఆ అతిశుభ్రతే.

రొయ్యల చెరువుల ఊళ్లో అమోనియా గురించి కొత్తగా చెప్పాలా! చేపల వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్లితే వచ్చే విషం అదే. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద పెరుగుతుంది. కొత్త తొట్టిలో అది నిలదొక్కుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు స్పాంజిని కుళాయి కింద కడిగిన ప్రతిసారీ ఆ బ్యాక్టీరియా పోయి కథ మళ్లీ మొదటికొస్తోంది. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, చాలు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవాలంటే బకెట్‌లో ఒక రోజు ఉంచి పోయండి. కాలువ నీళ్లు మాత్రం వద్దు, పొలాల మందులు కలిసే అవకాశం ఉంది. బోరు నీళ్లు కాస్త కఠినంగా ఉన్నా, కొద్దిగా ఉప్పగా ఉన్నా గప్పీలు తట్టుకుంటాయి.

మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. ఆడా మగా కలిపి ఉంచితే ఇంచుమించు నెలకోసారి పిల్లలు పెడతాయి. ఇంత చిన్న తొట్టిలో ఐదారు మగవి చాలు, రంగులూ వాటికే ఎక్కువ.