డోలీ మోసినవాళ్ళ సంగతి

తమ్ముడూ,

నీ కథ చదివాను. హిందూకుష్ కొండల్లోని చిత్రాల్ కోటలో బ్రిటిష్ సేనని శత్రువులు చుట్టుముట్టిన ముట్టడిని ఎంచుకున్నావు, బాగుంది. కానీ ఆ సేనలోని డాక్టర్ విట్‌చర్చ్ పేరు వచ్చిన ప్రతిచోటా ‘అసమాన’, ‘అకుంఠిత’ అని తగిలించావు. అవన్నీ కొట్టెయ్. ఆయన చేసిన పని చెబితే చాలు.

1895 మార్చి 3. కోటకి మైలున్నర దూరాన, గుట్ట మీద అదే సేనలోని కెప్టెన్ బేర్డ్‌కి తూటా తగిలింది. చీకటి పడింది. శత్రువులు మధ్యలోకి చొచ్చుకొచ్చి వీళ్ళ దారి మూసేశారు. విట్‌చర్చ్ అతన్ని డోలీలో పడుకోబెట్టాడు. డోలీ పట్టిన గూర్ఖా సిపాయిల్లో ముగ్గురు చనిపోయి, నాలుగోవాడికి పెద్ద గాయమయ్యేదాకా వాళ్ళు ఆ డోలీని వదల్లేదు. ఆ తర్వాతే డాక్టరు బేర్డ్‌ని వీపున వేసుకున్నాడు. దారి పొడవునా గోడల చాటు నుంచి కాల్పులు. ఒకటి రెండు చోట్ల ఆయనే ఆ గోడల మీదికి ఉరికాడు. వైద్యుడు! కోట చేరేలోగా బేర్డ్‌కి ఇంకో రెండు గాయాలు. మర్నాడు పోయాడు.

నీ కథలో మాత్రం బతికాడు. ఎందుకయ్యా బతికించావు? ఆ గాయం ఎలాంటిదో డాక్టరుకి మనకన్నా బాగా తెలిసే ఉంటుంది. అయినా మోశాడు. ఆ సంగతి కథలోంచి తీసేస్తే ఇక మిగిలేదేముంది?

విట్‌చర్చ్‌కి విక్టోరియా క్రాస్ వచ్చింది, యుద్ధంలో సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం. ఆ పతకం ప్రకటనలో గూర్ఖాలు ఉన్నారు, వాళ్ళ పేర్లు లేవు. భారత సైన్యంలోని దేశీ సిపాయిలకి 1911 దాకా ఆ పతకానికి అర్హతే లేదు. నువ్వు పేర్లు కల్పించకు, వాళ్ళ మోత గురించి రాయి. మన మన్యంలో రోడ్డు లేని ఊళ్ళ నుంచి ఇప్పటికీ రోగుల్ని డోలీలో దించుతున్నారు. వెళ్ళి, మోసినవాళ్ళనే అడుగు: దిగుడులో బరువు ఎవరి మీద పడుతుంది, భుజం ఎప్పుడు మారుస్తారు, ఒకడి కాలు జారితే తక్కినవాళ్ళు ఏం చేస్తారు?

గోడల వెనకున్నవాళ్ళని ‘ముష్కరులు’ అన్నావు. అక్కడి గద్దె తగువులో తలదూర్చి, వాళ్ళ కోటలోనే మకాం పెట్టింది బ్రిటిష్‌వాళ్ళు. ఆ మాట తీసెయ్.

ముట్టడి ఏప్రిల్ దాకా సాగింది కదా అని కథని అక్కడిదాకా లాగకు. కోట తలుపు దాటాక ఇంకొక్క పేజీ చాలు. తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య